వైదేహి వెళ్ళేలోపు ఒక్క అరోరా

సెప్టెంబర్ 9, మంగళవారం

నిన్న రాత్రి సస్కటూన్ మొత్తం ఆకాశం చూసింది, మేమిద్దరం తప్ప.

పొద్దున లేచేసరికి తెలుగు వాట్సాప్ గ్రూపులో నూట నలభై ఫోటోలు. రాత్రి ఆకాశంలో ఆడే అరోరా వెలుగులు, ఆకుపచ్చ, ఎరుపు, ఊదా. మహీధర్ గారు వాళ్ళ ఇంటి ముందు కారు పక్కన నిలబడి తీశారట. ఇంకెవరో చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళి చూశారట. చెత్త పారెయ్యడానికి వెళ్ళినవాళ్ళకి కూడా కనిపిస్తుంది. మాకు కనిపించదు. ఎందుకంటే ఆ సమయానికి నేనూ వైదేహీ కిటికీలు లేని ప్లాంటులో మైసూరు పప్పు బస్తాల్లో నింపుతున్నాం. ఇక్కడ పండిన పప్పుని శుభ్రం చేసి, బస్తాలు కుట్టి, మన దేశానికే పంపే ఉద్యోగం మాది. దీనికోసం విమానం ఎక్కి కెనడా వచ్చాం.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఈ నోట్‌బుక్ తెరిచాను. తిట్లు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

వైదేహి టికెట్ అక్టోబర్ 18. వర్క్ పర్మిట్ 20న అయిపోతుంది. మూడేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, ఒక్కసారి కూడా అరోరా చూడకుండా నిజామాబాద్ వెళ్ళిపోతుందట. 'అట' అని ఎందుకు రాశాను? వెళ్ళిపోతుంది.

నేను ఉంటాను. ఇక్కడ స్థిరపడే హక్కు, అదే పీఆర్, దాని నామినేషన్‌కి మా కంపెనీ ఈ ఏడాది ఒక్కరికే లెటర్ ఇవ్వగలిగింది. అది నాకొచ్చింది. అది వేరే విషయం.

అక్టోబర్ 18 లోపల దానికి అరోరా చూపించకపోతే నా పేరు కమలకుమారి కాదు. కాకపోతే నాకూ సంతోషమే. ఇరవై ఆరేళ్ళ పిల్లకి నాయనమ్మ పేరేమిటి? ప్లాంటులో 'కమ్మీ' అంటారు, అదింకా దరిద్రం.

సెప్టెంబర్ 10

షిఫ్టుకి వెళ్ళే ముందు ఐదు గంటలు చదివాను. నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. కారు బ్రేకులు మార్చడం కూడా వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని. సూర్యుడెంత?

విషయం ఇది. సూర్యుడు గాలి విసురుతాడు. మామూలు గాలి కాదు, కరెంటున్న గాలి. అది మన దాకా రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు. ఎంత గట్టిగా వచ్చినా చాలదు. దాని అయస్కాంతం దక్షిణానికి తిరిగి ఉండాలి. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. దాన్ని బీజెడ్ అంటారు, మైనస్‌లో ఉంటే మంచిది. అచ్చం మా సూపర్‌వైజర్ డేరిల్ లాగే. నువ్వెంత కష్టపడ్డావన్నది కాదు, ఆ పూట ఆయన మొహం ఏ దిక్కుకి తిరిగి ఉందన్నదే లెక్క. కేపీ అని ఇంకో అంకె ఉంది, సున్నా నుంచి తొమ్మిది దాకా. మన ఊరికి నాలుగున్నా చాలు.

ఇదంతా బస్సులో వైదేహికి చెప్పాను. కారు మళ్ళీ మొరాయించింది.

"ఆకాశంల ట్యూబ్‌లైట్ చూస్తే నాకేమొస్తదే? పర్మిట్ పొడిగిస్తరా?" అంది.

"ప్రపంచమంతా డబ్బులు పోసి వచ్చి చూస్తారే మొద్దూ."

"అందుకే చెప్తున్న. వాళ్ళని చూడనీ. నాకు నిద్ర గావాలె."

నిద్ర కావాలట. అక్టోబర్ 18 తర్వాత బోలెడంత పోవచ్చు.

సెప్టెంబర్ 12

మబ్బు.

సెప్టెంబర్ 13

మబ్బు. బీజెడ్ మైనస్ పన్నెండు. మబ్బు వెనకాల పెళ్ళి జరుగుతోంది, మమ్మల్ని పిలవలేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

ఈ వారం పగలు షిఫ్టు. రాత్రి ఖాళీ. ఆకాశం తుడిచిన పలకలా ఉంది. కేపీ ఐదు అన్నారు. తొమ్మిదింటికి బయలుదేరాలని కారులో దుప్పట్లు కూడా సర్దాను.

మా ఇంటివాళ్ళు వెంకటసుబ్బయ్య గారూ మీనాక్షి ఆంటీ. పైన వాళ్ళు, కింద బేస్‌మెంట్‌లో మేం. ఆయన ఇక్కడి యూనివర్సిటీలో ముప్ఫై ఏళ్ళు మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మేం మెట్లెక్కుతుంటే కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు.

"నేనూ వస్తానమ్మాయ్. ముప్ఫై ఏళ్ళూ కిందకే చూశాను."

సరే అన్నాను. అప్పుడు లోపల్నుంచి ఆంటీ కేక. "ఏమండీ, వర్జ్యం ఉంది. తొమ్మిదీ నలభై దాకా గడప దాటొద్దు."

"ఆంటీ, సూర్యుడికి వర్జ్యం ఉండదు," అన్నాను.

"సూర్యుడికి లేకపోవచ్చమ్మా. బండి నడిపేది నువ్వు కదా? ఆ బ్రేకులు నువ్వే వేశావు కదా?"

వైదేహి పకపకా నవ్వి సోఫాలో కూలబడింది. ఆంటీ పులిహోర పెట్టింది. అంకుల్ నాకు జాలిగా సైగ చేశారు, సైన్సు తెలిసినవాళ్ళిద్దరం ఓడిపోయామన్నట్టు. నలభై నిమిషాలు పులిహోర తిన్నాం. నేను మూడు ప్లేట్లు తిన్నాను, అదంతా కోపమే.

తొమ్మిదీ నలభై రెండుకి కారు తీశాను. పదీ ఇరవైకి ఊరు దాటి చీకట్లోకి వచ్చాం. నక్షత్రాలు. ఇంకేం లేవు. పదకొండున్నర దాకా ఏమీ లేదు.

అప్పుడు ఫోను చూశాను. గ్రూపులో ఫోటోలు. తొమ్మిదీ ఐదు నుంచి తొమ్మిదీ ముప్ఫై ఐదు దాకా ఆడిందట. సరిగ్గా వర్జ్యంలో.

"మన పంచాంగం కరెక్టేనమ్మాయ్," అన్నారు అంకుల్ వెనక సీట్లోంచి. "వర్జ్యం అంటే వదులుకోవాల్సిన సమయం. వదులుకున్నాం."

తిరిగి వచ్చేటప్పుడు దారంతా వైదేహి నవ్వుతూనే ఉంది. నేను స్టీరింగ్‌ని కొరకలేదు, అంతే.

సెప్టెంబర్ 19, శుక్రవారం

టిఫిన్ వేళ డేరిల్ వచ్చి, "కమ్మీ, నీ పీఆర్ ఫైలు పైకి వెళ్ళిపోయింది. కంగ్రాట్స్," అని నా భుజం తట్టాడు. పక్కనే వైదేహి. అందరికంటే ముందు అదే చప్పట్లు కొట్టింది. దాని డబ్బాలోని బొబ్బట్టు తీసి నా నోట్లో కుక్కింది.

నా సంతకాల షీట్ల గురించి రాద్దామనుకున్నాను. నిద్రొస్తోంది.

సెప్టెంబర్ 24

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎలాగూ ఎవరికీ చెప్పను కాబట్టి రాస్తాను.

వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం అన్నీ ముందే అడిగి తెలుసుకుని, ఆంటీ చేత ఒప్పించుకుని, ఎనిమిదిన్నరకే బయలుదేరాం. నేనూ వైదేహీ మాత్రమే. అంకుల్‌కి జలుబు. ఉత్తరంగా నలభై నిమిషాలు నడిపి, కంకర రోడ్డు మీదికి దిగి, ఇంజిన్ ఆపాను. వైదేహి సీటు వెనక్కి వాల్చి రెండు నిమిషాల్లో గురక మొదలుపెట్టింది.

పదిన్నరకి వచ్చింది. ఉత్తరం దిక్కున, నేల మీద నుంచి పైకి లేస్తూ, పసుపు కలిసిన తెల్లటి వెలుగు. మెల్లగా పక్కకి కదులుతోంది. వైదేహిని జుట్టు పట్టుకుని లేపాను. "లేవే, వచ్చింది! వచ్చింది!" అని అరిచాను. అది కళ్ళు నులుముకుంటూ దిగింది. ఇద్దరం పంట కోసిన మోళ్ళ మీద నిలబడి నోళ్ళు తెరుచుకుని చూశాం. నేను వీడియో తీస్తూ వ్యాఖ్యానం కూడా చెప్పాను. "ఇది ఆర్క్ అంటారు, ఇప్పుడు చూడు, విరుగుతుంది."

విరగలేదు. దగ్గరికి వచ్చింది. శబ్దం కూడా వచ్చింది.

"కమలా," అంది వైదేహి. "అరోరాకి ఇంజిన్ ఉంటదా?"

కంబైన్ హార్వెస్టర్, పంట కోసే మెషీను. రాత్రి పూట కనోలా అనే నూనెగింజల పంట కోస్తున్నారు. ఆ దుమ్ము మీద పడిన దాని లైట్లు. రైతు పికప్‌లో మా దగ్గరికి వచ్చి, కారు చెడిపోయిందా అమ్మాయిలూ, అని అడిగాడు. లేదు, అరోరా చూస్తున్నాం అన్నాను. ఆయన తన కంబైన్ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, "వెల్, అది ఎర్రది, జాన్ డీర్ కంపెనీది అయితే ఆకుపచ్చగా ఉండేది," అన్నాడు. నవ్వకుండా అన్నాడు. ఈ దేశంలో రైతులు కూడా వేళాకోళం చేస్తారు.

వైదేహి ఇల్లు చేరే దాకా "ఇది ఆర్క్ అంటారు" అని నా గొంతు అనుకరిస్తూనే ఉంది. మా ఇంటి వీధిలోకి వచ్చాక ఉన్నట్టుండి ఆపింది.

"నాకు చూపించాలని నీకెందుకే గింత?"

"మూడేళ్ళున్నావు కదా, చూడకుండా ఎలా పోతావు?"

"మూడేళ్ళల్ల నేను చూడనివి శాన ఉన్నయ్. నయాగరా చూడలే. టొరంటో చూడలే. వాటి గురించి నువ్వు ఒక్కనాడు అడగలే."

నయాగరా దూరం అన్నాను. నిజమే కదా, దూరమే.

సెప్టెంబర్ 29, సోమవారం

ఈ రోజు కొత్తమ్మాయి చేరింది. జాయ్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. వైదేహి ఆమెకి సార్టర్ నేర్పింది. రంగు తేడా ఉన్న గింజల్ని గాలితో కొట్టి పక్కకి తోసే మెషీను అది. దాని అదురుని బట్టి ఎక్కడ మూసుకుపోయిందో కనిపెట్టడం వైదేహికి వచ్చినంత బాగా ఎవరికీ రాదు. జాయ్ చెయ్యి పట్టుకుని మెషీను మీద పెట్టింది. "వినకు, చేత్తో చూడు," అంది. గంటలో ఆమె నేర్చుకుంది. నాకు నేర్చుకోవడానికి నెల పట్టింది. నాకు నేర్పింది కూడా వైదేహే.

నేర్పడం అయ్యాక షీటు మీద సంతకం పెట్టాలి. 'నేర్పినవారు' అన్న గడిలో. షీట్లున్న అట్ట నేను నిలబడే చోటి స్తంభానికి వేలాడుతుంది. వైదేహి చేతులకి ఎప్పుడూ దుమ్ము, గ్లవ్స్. అందుకని మొదటి రోజు నుంచి అంతే. అది నేర్పుతుంది, "నువ్వు పెట్టెయ్యవే," అని అక్కడి నుంచే అరుస్తుంది, నేను పెడతాను. రెండేళ్ళుగా. పంతొమ్మిది మంది. ఈ రోజుతో ఇరవై.

ఇందులో మోసమేమీ లేదు. పని త్వరగా అవ్వాలని అలా చేశాం.

జూన్‌లో డేరిల్ నా దగ్గరికి వచ్చాడు. చేతిలో షీట్ల కట్ట. "నామినేషన్‌కి ఒక్క పేరే పంపగలం. కొత్తవాళ్ళకి నేర్పే మనిషి పేరు పంపమంటున్నారు ఆఫీసువాళ్ళు. ఇవన్నీ నీ సంతకాలే కదా?" అన్నాడు.

"అవును, నావే," అన్నాను.

నావే. అబద్ధం ఏముంది? సంతకాలు నావే. ఎవరు నేర్పారు అని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

అడిగితే చెప్పేదాన్ని.

సెప్టెంబర్ 30

నిన్న రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. దాని వెనక కేపీ లెక్కలున్నాయి, అందుకని ఉంచాను.

అక్టోబర్ 2

కనిపించింది. నిజం అరోరా. ఇంజిన్ లేనిది.

కానీ పల్చగా, ఉత్తరాన బూడిద రంగు చార లాగా. ఫోనులో చూస్తే ఆకుపచ్చ, కళ్ళతో చూస్తే ఆకుపచ్చ లేదు. కళ్ళు చీకట్లో రంగు పట్టుకోలేవు, కెమెరా పట్టుకుంటుంది. ఇది నాకు తెలుసు. వైదేహికి చెప్పడం మర్చిపోయాను.

"గిదేనా?" అంది. "ఇంట్ల అగరుబత్తి వెలిగిస్తే గూడ ఇట్లనే ఉంటది."

"ఫోనులో చూడు, ఫోనులో చూడు."

"ఫోన్‌ల చూస్తే నిజామాబాద్‌ల గూడ కనిపిస్తది. సరే తియ్, చూసిన. అయిపోయింది. పండుకుందాం పా."

"ఇది లెక్కలోకి రాదు," అన్నాను.

"ఎవరి లెక్కల?"

ఫోటో దిగుదాం అన్నాను. ఫోటోలో ఇద్దరం ఆకుపచ్చగా, దెయ్యాల్లా ఉన్నాం. అది పళ్ళు ఇకిలించింది. నేను మాత్రం పంటి నొప్పి మనిషిలా ఉన్నాను.

అక్టోబర్ 6, సోమవారం

పౌర్ణమి. ఈ చంద్రుడిని ఎవరు పిలిచారు? ఇంత వెలుతురులో అరోరా వచ్చినా వెలిసిపోతుంది. నెలకొకసారి వచ్చి ఉన్న చీకటంతా చెడగొట్టి పోతాడు. మనవాళ్ళు వీడి మీద ఇన్ని పాటలెందుకు రాసుకున్నారో నాకు అర్థం కాదు.

వైదేహి సామాను పంచేస్తోంది. కుక్కర్ జాయ్‌కి. చలి బూట్లు ఆంటీ వాళ్ళ గుడిలో దానాల పెట్టెకి. నాకు దాని ఎర్ర కోటు. "నీకు పొడుగైతది, అయినా ఉంచుకో. నీది పాడైంది గద," అంది. తీసుకోనన్నాను. తల మీద విసిరింది.

ఈ వారం మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి పదకొండు దాకా ప్లాంటే. ఇంక శనివారం ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత మూట కట్టడమే.

అక్టోబర్ 9

సూర్యుడి మీద పెద్ద పేలుడు. నిన్ననే మన వైపు బయలుదేరిందట. శనివారానికి వస్తుందంటున్నారు. కేపీ ఏడు. మబ్బు లేదు. చంద్రుడు ఆలస్యంగా లేస్తాడు. వర్జ్యం మధ్యాహ్నమే అయిపోతుంది, ఆంటీని రెండుసార్లు అడిగాను.

నాకు భయంగా ఉంది. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 12, ఆదివారం, తెల్లవారుజాము

వరసగా రాస్తాను.

తొమ్మిదింటికి అదే కంకర రోడ్డుకి చేరాం. కోతలైపోయాయి, కంబైన్లు లేవు. మైనస్ రెండు. వైదేహి దుప్పటి చుట్టుకుని కారు బానెట్ మీద కూర్చుంది, ఇంజిన్ వేడికి.

పదిన్నరకి మొదలైంది. ముందు ఉత్తరాన ఆకుపచ్చ చార. ఈసారి కళ్ళకే ఆకుపచ్చ. నేను ఆర్క్ అని కూడా అనలేదు. అది వంగింది, మడత పడింది, మడతల అంచున గులాబీ రంగు పరిగెత్తింది. తడి చీర రెండు చివర్లు పట్టుకుని ఎవరో విదిలిస్తున్నట్టు. తర్వాత మా నడినెత్తి మీదికి వచ్చింది. ఎరుపు. తలెత్తితే అన్ని వైపుల నుంచీ మా మీదకే గీతలు దిగుతున్నాయి. కారు ఆకుపచ్చ. రోడ్డు ఆకుపచ్చ. వైదేహి మొహం ఆకుపచ్చ.

"అయ్యో," అంది వైదేహి. చాలాసేపు అదొక్కటే మాట. "అయ్యో. అయ్యో."

బానెట్ మీద వెనక్కి పడుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఫోను తియ్యలేదు. నేను ఇవ్వబోతే తోసేసింది.

"కమలా, నువ్వు లేకపోతే నేను గిది చూడకుండనే పోతుంటి," అంది. "ఎంత తిట్టినా ఇడవలేదు నువ్వు. ఈ దేశంల నా కోసం గింత చేసిన మనిషి ఇంకొకరు లేరు. మా అమ్మకి చెప్తా, కమల ఉన్నది గాబట్టి నేను మూడేండ్లు ఉండగలిగిన అని."

అది అలా అనకుండా ఉంటే చెప్పేదాన్ని కాదు. నెల రోజుల నుంచి నేను దేనికోసం తిరుగుతున్నానో అప్పుడు అర్థమైంది. ఆ మాట అనిపించుకోవడానికే. అది ఆ మాట అనేస్తే ఇద్దరికీ సరిపోయిందని అనుకోవడానికే. అనేసింది. సరిపోలేదు.

చెప్పాను. షీట్లు, డేరిల్, జూన్, "అవును, నావే". మూడు నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్ళ సంగతికి.

వైదేహి లేచి కూర్చుంది.

"జూన్‌ల ఏ రోజు?"

"గురువారం."

"నేనెక్కడున్న?"

"సార్టర్ దగ్గర."

"ఎంత దూరం?"

"పది అడుగులు."

"పది అడుగులు," అంది. "పిలవాలన్నా అరవక్కర్లేదు. చెయ్యి ఊపితే చాలు."

బానెట్ మీద నుంచి దిగింది. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. టోపీ కళ్ళ మీదకి లాక్కుంది.

నేను బయటే నిలబడ్డాను. పైన ఇంకా పెరుగుతోంది. ఊరు ఊరంతా రోడ్ల మీదకి వచ్చి చూసి ఉంటుంది. నా జీవితంలో అంత పెద్ద అరోరా మళ్ళీ రాదు. నేను చూడలేదు. కారు అద్దం వైపు చూస్తూ నిలబడ్డాను. అద్దం మీద ఆకుపచ్చ కదులుతోంది, దాని వెనక టోపీ కదలడం లేదు.

తిరిగి నలభై నిమిషాలు. ఊరి లైట్లు కనిపించాక వెనక నుంచి ఒక్కసారి మాట్లాడింది.

"చెప్తే జూన్‌ల చెప్పాలె. లేకపోతే అసలు చెప్పొద్దు. అరోరా నడుమ చెప్తరానే ఎవరన్న? ఒక్క పది నిమిషాలు ఆగితే ఏం పోతుండె? ఆకాశం చూస్తుంటి గద."

అక్టోబర్ 12, రాత్రి

వైదేహి ఇడ్లీలు చేసింది. నాకూ పెట్టింది. ప్లేటు బల్ల మీద పెట్టిన చప్పుడుకి పై నుంచి ఆంటీ ఏమైందని అడిగింది.

అక్టోబర్ 13

థాంక్స్‌గివింగ్ సెలవు. ప్లాంటు మూత. లేకపోతే ఈ రోజే వెళ్ళేదాన్ని. ఈ మాట నిజమో కాదో రేపు తెలుస్తుంది.

అక్టోబర్ 14, మంగళవారం

వెళ్ళాను.

షిఫ్టుకి పది నిమిషాల ముందు డేరిల్ గది. ఆయన కాఫీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే మానేస్తానేమోనని. ఇరవై షీట్లు, ఇరవై మందికీ వైదేహే నేర్పింది, నేను సంతకం మాత్రమే పెట్టాను, మీరు అడిగినప్పుడు చెప్పకుండా తప్పించుకున్నాను.

డేరిల్ కప్పు కింద పెట్టాడు.

"నేను మీ ఇద్దరికీ ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటాను," అన్నాడు. "ఆమె నేర్పడం రోజూ చూశాను. కాగితం మీద నీ పేరుంది, కాగితం నమ్మాను. ఇందులో నాకూ వాటా ఉంది."

నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. తీరా తెచ్చుకుందామంటే రాలేదు.

ఫోన్లు చేశాడు. మధ్యాహ్నానికి సంగతి తేలింది. లెటర్ వైదేహి పేరుకి మార్చడం కుదరదు, పర్మిట్‌కి ఆరు రోజులే ఉంది, దారి లేదు. కానీ కంపెనీ దానికి వేరే లెటర్ ఇస్తుంది. ఇరవై మందికి పని నేర్పింది ఈమేనని, మళ్ళీ అవకాశం వచ్చిన రోజు మొదట పిలిచేది ఈమెనేనని. నా ఫైలులో 'శిక్షకురాలు' అన్న మాట కొట్టేసి ప్రభుత్వానికి తెలియజేస్తారు. ఆ తర్వాత నా నామినేషన్ ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. నా పర్మిట్ ఇంకా ఐదు నెలలుంది. ఉద్యోగం మాత్రం ఉంది. "బస్తాలు మాత్రం బాగా కుడతావు," అన్నాడు డేరిల్.

వైదేహిని పిలిచి లెటర్ చేతికిచ్చాడు. అది రెండుసార్లు చదివింది. బయటికి వచ్చి సార్టర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. అది ముందు సీట్లో కూర్చుంది. దిగే స్టాపు వచ్చాక వెనక్కి తిరగకుండా అంది.

"నీ ఫైల్ పోతే?"

"పోతుంది."

"పిచ్చి మొహందానా. ఇద్దరం పోతే ఏమొచ్చింది?"

అక్టోబర్ 16

వైదేహి సూట్‌కేసు మూత పడకపోతే మీద కూర్చోమని సైగ చేసింది. కూర్చున్నాను. జిప్పు వేసింది. లెమ్మని సైగ చేసింది. లేచాను.

అక్టోబర్ 18, శనివారం

ఎయిర్‌పోర్టుకి నేనే నడిపాను. వెనక అంకుల్, ఆంటీ. మంచి ఘడియ చూసుకుని మూడు గంటల ముందే బయలుదేరదీసింది ఆంటీ. దారిలో అంకుల్ మా ఇద్దరినీ చూసి, "ఏంటమ్మాయ్, ఈ రోజు ఇంత నిశ్శబ్దం? కంబైన్ కథ చెప్పండి," అన్నారు.

లోపలికి వెళ్ళే లైను దగ్గర వైదేహి ఆంటీ కాళ్ళకి దణ్ణం పెట్టింది. అంకుల్‌కి పెట్టింది. తర్వాత నా ముందుకి వచ్చి నిలబడింది.

"నిన్ను మాఫ్ చెయ్యలే," అంది.

"తెలుసు."

"ఎప్పుడు చేస్తనో తెల్వదు. చెయ్యకపోవచ్చు గూడ."

"సరే."

"సరే ఏంది సరే? మనిషివేనా నువ్వు?" కోపంగా నా కోటు కాలరు సరిచేసింది. "రోజు ఫోన్ చెయ్యి. ఎత్తను. అయినా చెయ్యి."

వెళ్ళిపోయింది. సెక్యూరిటీ వాళ్ళు బెల్టు తియ్యమంటే వాళ్ళ మీద కూడా అరిచింది.

అక్టోబర్ 19

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండి ఉంటుంది. చేశాను. ఎత్తలేదు.

అక్టోబర్ 20

చేశాను. ఎత్తలేదు. ఏడుసార్లు మోగింది.

అక్టోబర్ 23

కేపీ ఆరు. గ్రూపులో ఎనభై ఫోటోలు. నేను ప్లాంటులో ఉన్నాను, సార్టర్ మూసుకుపోతే జాయ్ బాగుచేసింది. తన షీటు మళ్ళీ నింపుతూ, 'నేర్పినవారు' గడిలో ఏం రాయాలని అడిగింది. వైదేహి పేరు చెప్పాను.

బ్రేక్‌లో వైదేహికి చేశాను. మూడుసార్లు మోగి కట్ అయింది. దానంతటది కాదు. అటు నుంచి వేలు పెట్టి కట్ చేసింది.

అంటే మోగుతుంటే చేతిలో పట్టుకుని చూస్తోందన్నమాట.